క్యాంపర్ వ్యాన్ నీళ్ల ట్యాంకు కారుతోందా? ఆటోనగర్‌లో బంపర్లు అతికే షాపుకెళ్లండి

మాది పాత టెంపో ట్రావెలర్. సీట్లు తీయించి మంచాలు, పొయ్యి పెట్టించుకున్నాం. వెనక బల్ల కింద 90 లీటర్ల తెల్ల పాలిథిలిన్ ట్యాంకు ఉంది. నిండా పోస్తే నీళ్ల బరువే 90 కిలోలు. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి మలుపులో ఆ బరువంతా ఊగి పక్క గోడల మీద పడుతుంది. కింద ఇనప ఫ్రేము అంచు ఒరుసుకునే మూలలో వెంట్రుకవాసి పగులు వచ్చింది.

ఊళ్లో ప్లంబర్ ఎపాక్సీ ముద్ద పెట్టాడు. గట్టిపడ్డాక గోటితో గీకితే పెచ్చులా ఊడొచ్చింది. అతని పనిలో లోపం లేదు, పాలిథిలిన్‌కు మామూలు జిగురు ఏదీ పట్టదు. పీవీసీ పైపులకు రాసే సొల్యూషనూ దాన్ని కరిగించలేదు. అదే రకం ప్లాస్టిక్‌ను కరిగించి అతకాల్సిందే.

విజయవాడ ఆటోనగర్‌లో మేం వెళ్లిన షాపుకు బోర్డు కూడా లేదు. గోడ నిండా కార్ల బంపర్లు వేలాడుతుంటాయి. పనిచేసే అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. ట్యాంకు చూడగానే వేడిగాలి కొట్టే హీట్ గన్ను అందుకోలేదు, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ట్యాంకు నోటి అంచు నుంచి చిన్న తునక కోసి మగ్గులో నీళ్లలో వేశాడు, తేలింది. తర్వాత పట్టకారుతో పట్టుకుని అంటించి, ఆర్పి, వాసన చూడమని నాకిచ్చాడు. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసనే. ట్యాంకు ఏ ప్లాస్టిక్కో తేల్చుకోడానికే ఇదంతా.

“బంపర్ రాడ్డు దీనికి పనికిరాదమ్మా. అది పీపీ, ఇది పీఈ. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, రోడ్డెక్కితే విడిపోద్ది” అన్నాడు.

బంపర్ రాడ్డంటే బంపర్లు అతకడానికి కరిగించే ప్లాస్టిక్ పుల్ల. పీపీ అంటే పాలీప్రొపిలీన్, పీఈ అంటే మా ట్యాంకు పాలిథిలిన్. ఈ తేడా తెలిసినవాడి చేతికే ట్యాంకు ఇవ్వాలి. మీరు ఏ షాపుకెళ్లినా ముందు ఇదే అడగండి.

అతికే పుల్లల కోసం ఓ నీలం డ్రమ్ము ముక్క తీశాడు. నేను ఒప్పుకోలేదు. అందులో ఒకప్పుడు ఏ రసాయనం పోశారో ఎవరికి తెలుసు, మేం తాగే నీళ్లు కదా! అబ్బాయి విసుక్కోకుండా లోపలికెళ్లి పగిలిన పాత ఇంటి ట్యాంకు ముక్క తెచ్చి, దాన్నుంచి సన్నటి పుల్లలు కోశాడు.

పని చూడముచ్చటగా చేశాడు. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లోనూ చిన్న బెజ్జాలు వేశాడు. పగులు వెంబడి గాడి తీసి, చుట్టూ పాతబడిన పై పొరను బ్లేడుతో గీరేశాడు. హీట్ గన్నుతో పుల్లనూ ట్యాంకునూ ఒకేసారి వేడిచేస్తూ, రెండూ నిగనిగలాడగానే నొక్కుకుంటూ పోయాడు. రంగు గోధుమకు తిరిగితే మాడినట్టేనట. మా ట్యాంకు నోరు పెద్దది కాబట్టి చెయ్యి పెట్టి లోపలి వైపు నుంచీ ఒక వరస వేశాడు. చల్లారడానికి నీళ్లు కొట్టలేదు, దానంతటదే ఆరనిచ్చాడు.

ఒక్క విషయంలో గట్టిగా అడగాల్సొచ్చింది. రెండు బిందెలు పోసి “కారట్లేదు, తీసుకెళ్లండమ్మా” అన్నాడు. నిండా పోస్తేగానీ అడుగుమీద పూర్తి ఒత్తిడి పడదు. “నింపి సాయంత్రం దాకా ఉంచు బాబూ” అన్నాను. ఉంచాడు. అతుకు చుట్టూ ముగ్గుపిండి చల్లి చూశాం, ఎక్కడా తడి తగల్లేదు.

800 రూపాయలు తీసుకున్నాడు. ఫ్రేము అంచు మీద పాత లారీ ట్యూబు ముక్క మడిచి వేసింది ఆ డబ్బులోనే. నా దృష్టిలో అతుకు ఎంత ముఖ్యమో ఆ రబ్బరు ముక్కా అంతే. అది లేకపోతే పక్కనే ఇంకో పగులు వస్తుంది. పట్టీ కూడా ట్యాంకు కదలనంత వరకే బిగించాలని, గోడ లోపలికి నొక్కుకుపోయేలా లాగొద్దని చెప్పాడు.

షాపులో కూర్చోడానికి నీడ లేదు, పక్కనే గ్రైండింగ్ మోత. పొద్దున్నే వెళ్లండి. ట్యాంకు ముందురోజే విప్పి, పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్లండి, తడి ఉంటే అతుకులో బుడగలు వస్తాయి. ఇంటికొచ్చాక నింపి పారబోసి, మళ్లీ కడిగి, ప్లాస్టిక్ వాసన పోయాకే తాగే నీళ్లు పట్టండి.