బంగారు పూసల పెట్టె: ఐదేళ్ల వాడకం తర్వాత

ఈ పెట్టె మా ఇంటికి వచ్చి ఐదేళ్లు దాటింది. అప్పుడు మా అమ్మాయికి నాలుగున్నరేళ్లు, పిల్లవాడికి ఇంకా నడక రాలేదు. ఇప్పుడు అమ్మాయి కాగితం మీద భాగహారాలు చేస్తోంది, పెట్టె తమ్ముడి చేతికి వచ్చింది. కొన్న నెలలోనే దీని గురించి రాసి ఉంటే ఆకాశానికి ఎత్తేసేదాన్ని. ఆరో నెలలో రాసి ఉంటే డబ్బు దండగ అనేదాన్ని. రెండూ తప్పే అయ్యేవి. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

పిల్లలకు చేతితో పట్టుకునే వస్తువుల ద్వారా నేర్పే మాంటిస్సోరి పద్ధతిలో బంగారు పూసలు అంటే పసుపురంగు పూసలు. విడిగా ఉన్న పూస ఒకటి. పది పూసలను తీగకు గుచ్చితే కడ్డీ, అది పది. పది కడ్డీలను పక్కపక్కన కడితే చదరపు పలక, అది వంద. పది పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి కడితే ఘనం, అది వేయి. మా పెట్టెలో విడి పూసలు 100, కడ్డీలు 45, పూసలతో కట్టిన పలక ఒకటి, ఘనం ఒకటి ఉన్నాయి. మిగతా పలకలూ ఘనాలూ చెక్కవి, పైన పూసల బొమ్మ అచ్చువేసినవి. వీటితోపాటు అంకెల కార్డులు. ఒకట్లు ఆకుపచ్చ, పదులు నీలం, వందలు ఎరుపు, వేలు మళ్లీ ఆకుపచ్చ. అన్నీ కలిపి అప్పట్లో 3,800 రూపాయలు పెట్టాను. ఒకే ఆదాయం మీద నడిచే ఇంట్లో అది చిన్న మొత్తమేమీ కాదు.

మేముండేది చెన్నైలో, తిరువాన్మియూరులో. పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. ఉదయం ఎనిమిదిన్నరకు వాళ్ల నాన్న ఆఫీసుకు బయలుదేరాక కుక్కర్ దించి, పొయ్యి కట్టేసి, హాల్లో చాప పరుస్తాను. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఆ చాపే మా బడి. పొయ్యి మీద ఏదీ లేదని చూసుకున్న తర్వాతే చాప పరవాలన్నది మొదటి ఏడాది నేను నేర్చుకున్న పాఠం. కూడిక మధ్యలో అమ్మ పప్పు కలపడానికి లేచి వెళితే, తిరిగి వచ్చేసరికి కడ్డీలన్నీ రైలుపట్టాలై ఉంటాయి. అందులో పిల్లల తప్పు లేదు.

మొదటి ఆరు నెలలు పాడుచేసింది నేనే. పెట్టె వచ్చిన రోజే మొత్తం విప్పి పిల్ల ముందు పోశాను. ఆ తర్వాత ఎప్పుడు చూసినా “ఇది ఎంత? అది ఎంత?” అని అడగడమే. ఊరి నుంచి బంధువులు వస్తే వాళ్ల ముందు కూర్చోబెట్టి చెప్పించడం. కొన్నాళ్లకు పెట్టె తీస్తే చాలు, అమ్మాయి బాల్కనీలోకి వెళ్లి కూర్చునేది. మూడు నెలలు దాన్ని బీరువా పైన పెట్టేశాను. తర్వాత ఒక చిన్న పళ్లెంలో నాలుగే నాలుగు వస్తువులు పెట్టాను: పూస, కడ్డీ, పలక, పూసల ఘనం. ఏమీ అడగలేదు. “ఇది ఒకటి” అని పూసను దాని అరచేతిలో ఉంచాను. “ఇది వేయి” అని ఘనాన్ని ఉంచాను. చేయి కాస్త కిందికి వంగింది. రెండో చేయి కూడా కింద పట్టి, ఘనాన్ని ముఖం దగ్గరకు తెచ్చుకుని చాలాసేపు చూసింది. ఆ చేయి వంగడం కోసమే ఈ వస్తువు తయారైందని నాకు ఆ రోజు అర్థమైంది. వేయి అన్న మాట ఒకటి అన్న మాటకంటే బరువైనది కాదు. రాతలో మూడు సున్నలే తేడా. ఇక్కడ ఆ తేడా చేతికి తెలుస్తుంది.

అప్పటి నుంచి మేము ఎక్కువగా ఆడింది తెచ్చిపెట్టే ఆట. వంటింటి గుమ్మం దగ్గర “బ్యాంకు”, అంటే పూసలన్నీ పెట్టిన చోటు, ఉంటుంది. చాప మీద నుంచి “రెండు వేల మూడు వందల నలభై ఐదు తీసుకురా” అంటాను. పళ్లెం పట్టుకుని వెళ్లి రెండు ఘనాలు, మూడు పలకలు, నాలుగు కడ్డీలు, ఐదు పూసలు తెచ్చి పెట్టాలి. నడిచే దూరం ముఖ్యం. నడుస్తున్నంతసేపూ పిల్ల ఆ సంఖ్యను మనసులో మోయాలి కదా.

ఈ ఆటలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. మా ఎదురింట్లో ఉండే తమిళ పాట్టి (బామ్మ) దగ్గర మా అమ్మాయి తమిళ లెక్క నేర్చుకుంది. ఆమె ఒకరోజు మా చాప మీద కూర్చుని “తొణ్ణూరు” తెమ్మంది. అమ్మాయి తొమ్మిది పలకలు, అంటే తొమ్మిది వందలు, తెచ్చింది. పాట్టి నవ్వి, కాదు, తొమ్మిది కడ్డీలు అంది. పిల్ల ఒప్పుకోలేదు. “నూరు అన్నారు కదా!” అని వాదన. అది నిజమే. తమిళంలో తొంభైని తొణ్ణూరు అంటారు, పేరులోనే నూరు వినిపిస్తుంది. తొమ్మిది వందలను తొళ్ళాయిరం అంటారు, అందులో ఆయిరం, అంటే వేయి, వినిపిస్తుంది. తొమ్మిది దగ్గరకు వచ్చేసరికి తమిళం ఒక మెట్టు పైపేరు పెట్టుకుంటుంది. మన తెలుగులో తొంభై, ఎనభై, డెబ్బై అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి కాబట్టి నాకు ఇది ఎన్నడూ తట్టలేదు. పూసలు లేకపోతే ఆ వాదన తేలేది కాదు, పిల్ల ఎక్కడ పొరబడిందో నాకూ తెలిసేది కాదు. తొమ్మిది కడ్డీలను వరుసగా పేర్చి “తెలుగులో తొంభై, తమిళంలో తొణ్ణూరు, వస్తువు ఒక్కటే” అని చూపించాం. రెండు మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఈ పెట్టె చేసే మేలు ఇది. పేరు మారినా రాశి మారదు.

ఇక కూడికలు, తీసివేతలు. మా చిన్నప్పుడు “ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు వేసి చేతిలో ఒకటి” అని నేర్చుకున్నాం. చేతిలో ఉన్న ఆ ఒకటి నిజానికి పది అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పూసలతో చేస్తే చెప్పాల్సిన పని లేదు. విడి పూసలు పదిహేను అయ్యాయి, పది పూసలు బ్యాంకులో ఇచ్చి ఒక కడ్డీ తెచ్చుకున్నాం. అంతే. తీసివేతలో మాకు నేర్పిన మాట ఇంకా చెడ్డది: “పక్క ఇంటి నుంచి అప్పు తెచ్చుకో.” ఆ అప్పు ఎప్పుడు తీరుస్తామో ఎవరూ చెప్పరు. అసలు అది అప్పే కాదు, చిల్లర మార్చుకోవడం. కిరాణా కొట్టులో వంద నోటు ఇచ్చి పది నోట్లు తీసుకున్నట్టే. మా ఇంట్లో “అప్పు” అన్న మాట తీసేసి “చిల్లర” అన్న మాట వాడాం.

ఒకసారి అమ్మాయి వేయి నుంచి ఒకటి తీసేయాలని తనకు తానే అనుకుంది. అప్పుడు దానికి ఆరేళ్లు. పళ్లెంలో పూసల ఘనం ఒక్కటే ఉంది. ఒక పూస తీయాలంటే ఎక్కడి నుంచి తీయాలి? తీగకు బిగించి ఉంది. వేలితో గిల్లి చూసింది. తర్వాత లేచి బ్యాంకుకు వెళ్లి ఘనం ఇచ్చి పది పలకలు తెచ్చింది. ఇంకా విడి పూస లేదు. మళ్లీ వెళ్లి ఒక పలక ఇచ్చి పది కడ్డీలు తెచ్చింది. మళ్లీ వెళ్లి ఒక కడ్డీ ఇచ్చి పది పూసలు తెచ్చింది. అందులోంచి ఒకటి తీసి నా ఒడిలో పెట్టింది. పళ్లెంలో తొమ్మిది పలకలు, తొమ్మిది కడ్డీలు, తొమ్మిది పూసలు. మూడుసార్లు హాలు దాటింది, నేను నోరు విప్పలేదు. కాసేపు పళ్లెం వంక చూసి, “అమ్మా, ఒక్కటి తీయడానికి అంతా విప్పాల్సి వచ్చింది” అంది. కాగితం మీద వేయిలోంచి ఒకటి తీసేటప్పుడు సున్నల మీద తొమ్మిదులు ఎందుకు వస్తాయో తర్వాత దానికి నేను వివరించాల్సిన అవసరం రాలేదు.

లోపాలు కూడా దాచకుండా చెబుతాను. అన్నింటికంటే పెద్ద లోపం ఆ చెక్క ఘనాలు. ఆరు ముఖాల మీదా వందేసి పూసల బొమ్మలు ఉంటాయి. మా అమ్మాయి ఓపికగా లెక్కపెట్టి, “ఇది వేయి కాదు, ఆరు వందలు” అంది. దాని లెక్క ప్రకారం సరే, లోపల ఏమీ కనపడదు కదా. పూసల ఘనాన్ని పక్కన పెట్టి, పొడవూ వెడల్పూ ఎత్తూ సమానమని చూపిస్తే నమ్మింది. కానీ బరువు కలవలేదు. చెక్కది తేలిక. అన్నీ పూసలతోనే కొనాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది కాబట్టి ఇళ్లకు ఇలా కలిపి అమ్ముతారు. ఒక్క ఘనం అయినా పూసలది లేని పెట్టెను మాత్రం కొనవద్దు.

రెండోది తుప్పు. మా ఇంటి నుంచి సముద్రం పది నిమిషాల నడక. ఉప్పుగాలికి ఇక్కడ ఏ ఇనుమూ నిలవదు, కిటికీ ఊచలే చెబుతాయి. రెండో వర్షాకాలానికి కడ్డీల చివర తీగ మలిచిన చోట గోధుమరంగు వచ్చింది, చాప మీద మరకలు పడ్డాయి. నాలుగు కడ్డీలు విరిగాయి. ప్యారిస్ కార్నర్ వీధుల్లో పూసల సామాను అమ్మే దుకాణంలో ఇత్తడి తీగ తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని పదిహేను కడ్డీలు మళ్లీ గుచ్చాను. అవి ఇప్పటికీ చెక్కు చెదరలేదు. సముద్రం దగ్గర ఉండేవారు తీగ ఏ లోహమో అడిగి కొనండి. వాడాక పొడి గుడ్డతో తుడిచి మూతపెట్టండి.

మూడోది, పాకే వయసు పిల్లలున్న ఇల్లు. విడి పూస శనగగింజ కంటే చిన్నది. మా వాడు ఒకసారి నోట్లో వేసుకున్నాడు. వేలు పెట్టి తీశాను కాబట్టి సరిపోయింది, ఆ రోజంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వాడికి మూడేళ్లు దాటేవరకు విడి పూసల గిన్నెను వాడు నిద్రపోయినప్పుడే దించాను. ఇంట్లో అంత చిన్నవారు ఉంటే, పెద్దపిల్లకు ఎంత అవసరమైనా కొన్నాళ్లు ఆగడమే మంచిది.

కార్డుల రంగుల గురించి ఒక మాట. ఆకుపచ్చ, నీలం, ఎరుపు వరుస మూడేసి స్థానాలకు ఒకసారి తిరిగి వస్తుంది. పాశ్చాత్యుల లెక్కకు అది చక్కగా సరిపోతుంది. మనం మాత్రం వేల తర్వాత రెండేసి స్థానాలకు కామా పెట్టి 1,00,000 అని రాస్తాం, దానికి లక్ష అని కొత్త పేరు పెడతాం. ఆ రంగుల ప్రకారం లక్ష ఎరుపు, అంటే “వంద వేలు”. పదివేలు దాటాక మా అమ్మాయి ఇక్కడ తికమకపడింది. లక్షకూ పదిలక్షలకూ ఊదారంగు అట్టతో నేనే వేరే కార్డులు కత్తిరించాక సర్దుకుంది. తయారీదారులు మన లెక్కకు సరిపోయే కార్డులు కూడా ఇస్తే ఎంత బాగుంటుందో.

ఇది విదేశీ పద్ధతి, మనకెందుకు అని మా మామగారు మొదట్లో అన్నారు. ఈ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆహ్వానం మీద మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారని, యుద్ధం వల్ల 1946 వరకు ఇండియాలోనే ఉండిపోయారని ఆయనకు చెప్పాను. సాయంత్రం అడయారులోని ఆ సమాజం తోట వైపు నడకకు తీసుకువెళ్లాను. ఆయన అభ్యంతరం తగ్గింది. మా అత్తయ్య మాత్రం ఇవేవీ అడగలేదు. నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు సంచిలో చింతపిక్కలు తెచ్చి, మనవరాలికి నాలుగేసి చొప్పున పుంజీలు లెక్కపెట్టడం నేర్పింది. పదేసి కట్టడం ఒక్కటే దారి కాదని పిల్లకు అలా తెలిసింది. పూసల పెట్టెలో లేని పాఠం అది.

ఈ పెట్టె పిల్లలను ఏ పరీక్షకూ త్వరగా సిద్ధం చేయదు. అమ్మాయి ఎనిమిదేళ్లకు గాని పూసలు వదిలి పూర్తిగా కాగితం మీదికి రాలేదు. బడికి వెళ్లే దాని ఈడు పిల్లలు అప్పటికి గుణకారాలు చకచకా చేస్తున్నారు. నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. బడికి వెళ్లకుండా పరీక్ష రాసే వీలున్న జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి రాయించాలని మా ఆలోచన, దానికి 14 ఏళ్లు నిండాలి. అంత సమయం ఉంది కదా అని మనసుకు చెప్పుకుంటూ ఉండేదాన్ని. పోయిన ఏడాది దాని ఈడు పిల్లల తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం తీసి ఇస్తే ఆ తరగతి లెక్కలు అడ్డంకి లేకుండా చేసింది.

ఎవరు కొనాలి? రోజూ గంటసేపు పిల్ల పక్కన నేల మీద కూర్చోగలిగేవారు కొనండి. కూర్చోవడం కుదరని వారికి దీనివల్ల ప్రయోజనం లేదు. ఇది పిల్ల చేతికి ఇచ్చి మన పని మనం చూసుకునే బొమ్మ కాదు. అంత డబ్బు పెట్టలేకపోతే వెదురు పుల్లలకు పదేసి పూసలు గుచ్చండి, లేదా చింతపిక్కలను పదేసి చొప్పున చిన్న గుడ్డసంచుల్లో కట్టండి. వందల దాకా హాయిగా నడుస్తుంది. వేయి దగ్గర మాత్రం ఘనం లేని లోటు తెలుస్తుంది.

పాతది కొనేవారు కడ్డీలను ఒక్కొక్కటి తీసి లెక్కపెట్టండి. తొమ్మిది పూసలే ఉన్న కడ్డీ ఒక్కటి కలిసినా పిల్ల నెలల తరబడి తప్పు లెక్క చేస్తుంది, తప్పు తనదే అనుకుంటుంది. మా పెట్టెలో అలాంటిది ఒకటి వచ్చింది. మా వాడు మొన్న దాన్ని పట్టుకుని, వేలితో రెండుసార్లు లెక్కపెట్టి, నా దగ్గరకు తెచ్చి, “ఇది పది కాదు” అన్నాడు. దాన్ని పక్కన పెట్టాను, ఈ ఆదివారం ఇత్తడి తీగకు మళ్లీ గుచ్చాలి.