ల్యాంబ్రెక్ట్ షెవర్లే: మొదటి ధరే చివరి ధర

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, రెండు వేలలోపు జనాభా గల పియర్స్ అనే పట్టణంలో 1946లో మొదలై 1996లో మూతపడిన ల్యాంబ్రెక్ట్ షెవర్లే అనేది రే, మిల్‌డ్రెడ్ ల్యాంబ్రెక్ట్ దంపతులు యాభై ఏళ్లు నడిపిన కార్ల దుకాణం. కొనుగోలుదారు దృష్టితో చూస్తే దీనికి మంచి మార్కులే వేయాలి. రే తాను ఇవ్వగలిగిన కనిష్ఠ ధరను ముందే చెప్పేవారు. బేరానికి తావుండేది కాదు. గంటల తరబడి బేరమాడి, బయటికి వచ్చాక కూడా మోసపోయామేమోనని అనుమానించే మనలాంటి వారికి ఆ పద్ధతి ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ ఏడాది అమ్ముడుపోని కొత్త కార్లను మరుసటి ఏడాది ధర తగ్గించి వదిలించుకోవడం ఆయన పద్ధతి కాదు. మన షోరూములు డిసెంబరు రాగానే డిస్కౌంట్ బోర్డులు కట్టి ఖాళీ చేసుకునే స్టాకును ఆయన గోదాములో దాచిపెట్టారు. ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన పాత బండ్లు కూడా చాలావరకు తిరిగి అమ్మకానికి రాకుండా పొలం చేరాయి. ఫలితంగా 2013 సెప్టెంబరు 28, 29 తేదీల్లో వేలం వేసేనాటికి దాదాపు 500 వాహనాలు పోగుపడ్డాయి. వాటిని చూడటానికి వేలాది మంది ఆ చిన్న ఊరికి తరలివచ్చారు. మీటరుపై కేవలం 1.3 మైళ్లు చూపిన 1958 నాటి షెవర్లే కామియో పికప్ 1,40,000 డాలర్లు పలికింది.

ఇక్కడే నా అభ్యంతరం. సరుకును దాచడం వేరు, కాపాడటం వేరు. పొలంలో వదిలేసిన బండ్లు ఎండకూ మంచుకూ తుప్పుపట్టాయి. గోదాము కప్పు కూలడంతో ఆ కామియో పైభాగం కూడా సొట్టపోయింది. అంతకాలం కదలని కారును రోడ్డెక్కించాలంటే టైర్లు, రబ్బరు గొట్టాలు, బ్రేకులు, ఇంధన ట్యాంకు అన్నీ చూసుకోవాలి. తీరా నడిపితే, ఏ తక్కువ మైళ్లను చూసి అంత ధర పెట్టామో ఆ విశేషమే కరిగిపోతుంది. అందువల్ల 1965లో అయితే ఈ దుకాణంలో కళ్లు మూసుకుని కారు కొనేవాణ్ని. 2013 వేలంలో మాత్రం చేయి ఎత్తేవాణ్ని కాదు.