పిల్లల మీద హింస ఆగాలంటే ఏది మేలు: ఫిర్యాదా, ముందే అందే సాయమా?

నేను స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో నాలుగో తరగతి పిల్లాడొకడు తినడానికి ఏమిచ్చినా సగమే తినేవాడు. మిగతా సగం నోట్‌బుక్ కాగితంలో చుట్టి బ్యాగు అడుగున పెట్టుకునేవాడు. మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు అడిగితే "మా చెల్లికి టీచర్, రాత్రి అమ్మ ఉండదుగా" అన్నాడు, అదేదో అందరిళ్లలో జరిగేదే అన్నట్టు. వాడికి తొమ్మిదేళ్లు, చెల్లికి ఐదు. అమ్మ నైట్ డ్యూటీకి వెళ్తే తెల్లారేదాకా ఇంట్లో ఆ ఇద్దరే.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఒకరు "ఇప్పుడే అధికారులకు చెప్పేయాలి" అన్నారు. ఇంకొకరు "ముందు ఆ తల్లిని పిలిచి ఆవిడ పరిస్థితేంటో కనుక్కుందాం" అన్నారు. "వాళ్లింటి సంగతి మనకెందుకు" అన్నవాళ్లూ ఉన్నారు గానీ ఆ మాటను నేనిక్కడ లెక్కలోకే తీసుకోను. మొదటి రెండిట్లో ఏది మేలన్నది మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రెండూ కావాలి, కానీ మనం డబ్బూ మనుషుల్నీ దాదాపు మొత్తం ఫిర్యాదు వైపే పెట్టి, ముందే అందాల్సిన సాయాన్ని దయతలిచి చేసే పనిలా చూస్తున్నాం, పిల్లలు నష్టపోతున్నది అక్కడే.

ఫిర్యాదును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఒకప్పుడు ఆ దారి కూడా లేదు. చంటిబిడ్డను ఎముక విరిగి ఆస్పత్రికి తెస్తే "మంచం మీంచి పడ్డాడండీ" అన్న మాట నమ్మి కట్టు కట్టి పంపేసేవారు. 1962లో హెన్రీ కెంప్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు, ఆయన సహచరులు కలిసి, వీటిలో కొన్ని ప్రమాదాలు కావు, పెంచేవాళ్లు కొట్టిన దెబ్బలని వైద్య పత్రికలో రాశాక గానీ కదలిక రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే అక్కడి రాష్ట్రాలు, అనుమానం వస్తే డాక్టర్లు చెప్పి తీరాలని చట్టాలు చేశాయి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, 19వ అధికరణంలో, హింస నుంచీ నిర్లక్ష్యం నుంచీ పిల్లల్ని కాపాడటానికి ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెప్తుంది.

ఫిర్యాదు పనిచేయాలంటే చూసే కన్ను ముఖ్యం. ఇంకా పాకడం, నడవడం రాని బిడ్డకు కమిలిన మచ్చలు మామూలుగా రావు, తనంతట తాను వెళ్లి దేనికీ గుద్దుకోలేదు కదా. నడిచే పిల్లలకు మోకాళ్ల మీద, నుదుటి మీద దెబ్బలు ఉండనే ఉంటాయి, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. కానీ నాలుగేళ్లలోపు బిడ్డకు ఛాతీ, పొట్ట, వీపు, మెడ, చెవి, వీటిలో ఎక్కడైనా కమిలినా, ఐదు నెలలు నిండని పసికందుకు ఒంటి మీద ఎక్కడ కమిలినా, ఏం జరిగిందో సరిగ్గా చెప్పేవాళ్లు లేకపోతే ఆగి చూడాలని డాక్టర్లకు నేర్పుతారు. చెవి సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. పిల్లలు పడితే నుదురో గడ్డమో ముందు తగులుతుంది, చెవి తగలడం అరుదు, చెవి తమ్మె కమిలిందంటే ఎవరైనా మెలిపెట్టారేమో, చెంప మీద కొడితే తగిలిందేమో అని ఆలోచించాలి. టీకా వేసే నర్సుకీ, బడిలో ఆయమ్మకీ, డ్యాన్స్ నేర్పే మాస్టారికీ ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, కొన్ని ప్రాణాలు నిలబడతాయి.

మరి ఫిర్యాదుతో ఇబ్బంది ఎక్కడ? చాలాసార్లు అది నష్టం జరిగాకే వస్తుంది. పైగా మనం ఈ మాట వినగానే కొట్టడాన్నీ, లైంగిక వేధింపుల్నీ ఊహించుకుంటాం గానీ, అమెరికాలో అధికారులు నిర్ధారించిన కేసుల్లో దాదాపు మూడొంతుల మంది నిర్లక్ష్యానికి గురైన పిల్లలే. అంటే నాలుగింట మూడు. వేళకు తిండి లేక, జబ్బు చేస్తే చూపించేవాళ్లు లేక, చూసుకునే మనిషి లేక నలిగిపోతున్న పిల్లలు. అలాంటి ఇంటికి దర్యాప్తుకు వెళ్లిన ఉద్యోగి ప్రశ్నలడిగి, ఫారం నింపి, ఫైలు మూసేసి వస్తే ఆ ఇంట్లో మర్నాడు ఏం మారుతుంది? ఇంకోటి, ఫిర్యాదు అంటే భయం పుట్టిన తల్లి బిడ్డను ఆస్పత్రికి తేవడం మానేస్తుంది, బడికి పంపడం తగ్గిస్తుంది, అంటే చూసే కళ్లు ఇంకా దూరమవుతాయి. 2020లో కరోనా వల్ల బళ్లు మూతపడ్డప్పుడు చాలాచోట్ల ఫిర్యాదులు పడిపోయాయి. పిల్లలు క్షేమంగా ఉన్నారని ఎవరూ సంబరపడలేదు, రోజూ వాళ్ల మొహం చూసే టీచర్లు లేకపోవడమే కారణమని ఈ పనిలో ఉన్నవాళ్లు టెన్షన్ పడ్డారు.

ఇక సాయం వైపు. నాకు బాగా నచ్చినది, అన్నిటికన్నా జాగ్రత్తగా పరీక్షించిన వాటిలో ఒకటి, నర్సు ఇంటికి వెళ్లడం. డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు 1970ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్‌మైరా అనే చిన్న ఊళ్లో 400 మంది గర్భిణులతో దీన్ని మొదలుపెట్టాడు. చాలామంది చిన్న వయసువాళ్లు, లేదా డబ్బుకు ఇబ్బంది పడేవాళ్లు, లేదా పెళ్లికాని తల్లులు. కొందరి ఇళ్లకు కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా ఒకే నర్సు వెళ్తూ ఉండేది. ఆవిడ చేసిందేమిటంటే పాలు పట్టడం, నిద్ర, బిడ్డ ఏడుపు అర్థం చేసుకోవడం లాంటివి చూపించడం, తల్లి చదువు గురించీ ఉద్యోగం గురించీ మాట్లాడటం, అమ్మమ్మనో స్నేహితురాలినో ఇందులోకి లాగడం. పదిహేనేళ్ల తర్వాత లెక్క చూసి 1997లో ప్రచురించారు. నర్సు రెండేళ్లూ వెళ్లిన ఇళ్లలో, హింస, నిర్లక్ష్యం అని నిర్ధారణైన సంఘటనలు మిగతా ఇళ్లతో పోలిస్తే దాదాపు సగమే. పదిహేనేళ్లు నిలిచిన ఫలితమండీ అది, ఒక కరపత్రం పంచితే రాదు.

డబ్బు కూడా నేరుగా పనిచేస్తుంది. అమెరికాలో రాష్ట్రాల లెక్కలు తీసి 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, గంటకు కనీస వేతనం ఒక డాలర్ పెరిగిన చోట నిర్లక్ష్యం ఫిర్యాదులు దాదాపు 10 శాతం తగ్గాయి. పిల్లల సంక్షేమం గురించి మాట్లాడేవాళ్లు జీతాల గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

అయితే సాయం అన్నిచోట్లా పనిచేయదు, ఇది దాచిపెడితే తప్పవుతుంది. అదే ఎల్‌మైరా ఇళ్లను మళ్లీ పరిశీలిస్తే, మగవాడు ఆడమనిషిని తరచూ కొట్టే ఇళ్లలో నర్సు రాకపోకల వల్ల పిల్లలకు ఆ మేలు కనిపించలేదని 2000లో తేలింది. తల్లి భయంతో వణికే ఇంట్లో పెంపకం పాఠాలు ఏం నిలుస్తాయి? అందుకే నాకు నేను ఒక గీత గీసుకున్నాను. లేమి, అలసట, తెలియనితనం, ఒంటరితనం, తల్లికి ప్రసవం తర్వాత మనసు కుంగిపోవడం, ఇవి కనిపిస్తే ముందు సాయం. కొట్టిన గుర్తులు కనిపించినా, లైంగిక హింస అనుమానం వచ్చినా, ఇంట్లో ఒకరంటే మిగతావాళ్లకు వణుకు ఉన్నా, ముందు ఫిర్యాదే. అక్కడ "తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడదాం" అనుకోవడం ప్రమాదం. ఆ సాయంత్రానికే బిడ్డ నోరు మూయిస్తారు, ఆనవాళ్లు చెరిపేస్తారు. వెంటనే ప్రాణాపాయం ఉందనిపిస్తే, అది ఎలాంటి ఇల్లైనా సరే, ఆలోచిస్తూ కూర్చోకూడదు.

ఇంకో పోలిక ఉంది, ఆస్పత్రిలో ప్రసవమయ్యాక ఒక్కసారి చెప్పే పాఠం మేలా, ఇంటికొచ్చి పదేపదే చెప్పేది మేలా అని. పసిబిడ్డను కోపంలో పట్టుకుని గట్టిగా ఊపితే మెదడులో రక్తస్రావమై చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఊపేది రాక్షసులు కాదు, చాలామటుకు మూడు రాత్రులు నిద్రలేని మామూలు మనుషులే. బిడ్డ ఏడుపు పుట్టిన రెండు వారాల నుంచి పెరుగుతూ రెండో నెలలో పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఏం చేసినా ఆగని ఏడుపు ఉంటుందనీ, అది మీ చేతగానితనం కాదనీ, తట్టుకోలేకపోతే బిడ్డను మెత్తటి వస్తువులేవీ లేని చోట వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్లమనీ చెప్పేవాళ్లుంటే చాలా ఇళ్లు గట్టెక్కుతాయి. న్యూయార్క్ రాష్ట్రంలో పశ్చిమాన ఉన్న ఆస్పత్రుల్లో ఇంటికి పంపేముందు తల్లిదండ్రులిద్దరికీ ఇది చెప్పి సంతకం పెట్టించుకుంటే, ఇలాంటి గాయాలు 47 శాతం తగ్గాయని 2005లో రాశారు. అందరం ఆశపడ్డాం. తీరా పెన్సిల్వేనియా రాష్ట్రమంతా అదే చేసి చూస్తే ఆస్పత్రి కేసుల్లో తగ్గుదల కనిపించలేదని 2017లో వచ్చింది. పాఠం వద్దని నేననను, దాంట్లో పోయేదేమీ లేదు. కానీ ఒక్కసారి చెప్పింది అర్ధరాత్రి రెండింటికి గుర్తురావడం కష్టం, ఆరో వారంలో ఒకరు ఫోన్ చేసి "ఏడుపు ఎలా ఉందమ్మా, నువ్వు పడుకుంటున్నావా" అని అడగడం మేలు.

పిల్లలకు గుడ్ టచ్, బ్యాడ్ టచ్ నేర్పడమా, పెద్దలకు కట్టుబాట్లు పెట్టడమా అన్నది నాకు మనసుకు దగ్గరి విషయం, అందుకే కాస్త గట్టిగా చెప్తాను. బడుల్లో నేర్పే ఈ పాఠాల మీద 24 ప్రయోగాల్ని కలిపి 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. పిల్లలకు విషయం తెలుస్తుంది, తమను తాము కాపాడుకునే పద్ధతులు అడిగితే చెప్పగలరు, అది నిజం. కానీ దానివల్ల నిజంగా వేధింపులు తగ్గాయని చూపించే ఆధారం దొరకలేదు. పాఠాలు ఆపకండి, శరీర భాగాల పేర్లు సరిగ్గా తెలిసిన బిడ్డ జరిగింది స్పష్టంగా చెప్పగలదు. కానీ ఏడేళ్ల పిల్ల, తనకు తెలిసిన, తను ఇష్టపడే, ఇంట్లో అందరూ గౌరవించే మనిషిని "వద్దు" అని నెట్టేయాలని ఎలా ఆశిస్తాం? చాలా కేసుల్లో ఆ మనిషి తెలిసినవాడే. ఆ భారం పెద్దల మీద ఉండాలి: తలుపు మూసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల ఒంటరిగా ఉండకూడదు, ట్యూషన్ గదికి అద్దం ఉండాలి, కోచ్ పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, పనిలో పెట్టుకునేముందు పాత చోట ఫోన్ చేసి అడగాలి. వీటికి ఖర్చు తక్కువ, ఎవరి మీదా నింద వేయక్కర్లేదు, మంచివాళ్లకు కూడా రక్షణే. నన్నడిగితే ఇవే మేలు.

పిల్లల్ని కొట్టడాన్ని చట్టంతో నిషేధించడం గురించి ఒక్క మాట. 1979లో ప్రపంచంలో మొదట స్వీడన్ చేసింది, చేసి ఊరుకోలేదు, పాల డబ్బాల మీద కూడా ఆ సంగతి అచ్చేసి ఇళ్లకు చేర్చింది. చట్టం ఒక్కటే కన్నా చట్టంతో పాటు చెప్పడం మేలు.

ఆ పిల్లాడి సంగతి చెప్పలేదు కదూ. తల్లిని పిలిచాం. తలుపు దగ్గరే నిలబడి మొదట అడిగింది "పిల్లల్ని తీసుకెళ్లిపోతారా మేడమ్" అని. పగటి డ్యూటీ కావాలని రెండుసార్లు అడిగిందట, ఇవ్వలేదు. ఆ ఇంటికి కావాల్సింది రాత్రిపూట ఒక పెద్దదిక్కు. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ "నా దగ్గర పడుకోనివ్వండమ్మా, నాకూ తోడుంటుంది" అంది. ఆవిడను మాకు బాగా తెలుసు, అయినా మా కౌన్సెలర్ వారం వారం పిల్లలతో విడిగా మాట్లాడేది. డ్యూటీ మారడానికి స్కూల్ తరఫున లెటర్ రాశాం, నెల పట్టింది. ఇరుగుపొరుగు ఒక్కటే ఉంటే ఆ లెటర్ ఉండేది కాదు, మేమొక్కరమే ఉంటే రాత్రి ఎవరూ ఉండేవారు కాదు.

ఫిర్యాదైనా సాయమైనా మొదలయ్యేది బిడ్డ నోరు విప్పినప్పుడే, చాలామంది అక్కడే తడబడతారు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. గుచ్చి గుచ్చి అడగకండి, అది చేయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు, నీకు సాయం చేయగలిగినవాళ్లకు నేను చెప్తాను" అనండి. బిడ్డ వెళ్లాక, తను ఏ మాట వాడితే ఆ మాటే, దిద్దకుండా, రాసుకుని కింద తేదీ, టైమ్ వేయండి, అదే రోజు ఆ కాగితం చేరాల్సినవాళ్ల చేతికి చేరాలి.