చీటీలో 25 ఉంటే 100 అంటగట్టాడు: లామోట్రిజిన్ కొనేవాళ్ళు జాగ్రత్త

బస్టాండు ఎదురు మెడికల్ షాపు, పెద్ద డిస్కౌంటు బోర్డు ఉన్నదే. చెల్లికి ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ అనే మందు ముందునుంచీ నడుస్తోంది. దానికి తోడు ఇంకో ఫిట్స్ మందు లామోట్రిజిన్ 25 ఎంజీ, రోజు విడిచి రోజు అని డాక్టర్ రాశారు. వాడిచ్చింది 100 ఎంజీ స్ట్రిప్, కవరు మీద పెన్నుతో "రోజుకు 1". డిస్కౌంటు ఎంతొచ్చిందో రెండుసార్లు లెక్క చూసుకుని, స్ట్రిప్ మీద అంకె చూడని తెలివి నాది.

రెండ్రోజులకు 25 పడాల్సిన చోట 200, అంటే ఎనిమిది రెట్లు. పైగా వాల్‌ప్రోయేట్ ఉంటే లివర్ లామోట్రిజిన్‌ను త్వరగా బయటికి పంపలేదు, రక్తంలో దాదాపు రెట్టింపు నిలిచిపోతుంది. అందుకే రెండు వారాలు రోజు విడిచి రోజు 25, తర్వాత రెండు వారాలు రోజూ 25, ఆపైనే పెంచుతారు. మొదట్లోనే ఎక్కువ పడితే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ (మందు పడక చర్మం ఊడి, నోరు, కళ్ళు పుండ్లు పడే ప్రాణాంతక రియాక్షన్) ముప్పు పెరుగుతుంది.

పన్నెండో రోజు జ్వరం, గొంతునొప్పి, కళ్ళమంట. మర్నాడు ఛాతీ మీద ముట్టుకుంటే నొప్పి పుట్టే ఎర్రమచ్చలు. ఫోన్ చేస్తే ఆ మహానుభావుడు, "వేడి చేసుంటుందండీ, సెట్రిజిన్ వేయండి. ఫిట్స్ మందు మాత్రం ఆపకండి" అన్నాడు. 100 ఎందుకిచ్చావయ్యా అంటే, "25 స్టాకు లేదు. మందొకటే కదా, పవర్ తేడా అంతే!" స్టాకు లేదని చెప్పడానికి కొన్న రోజు నోరు రాలేదు పాపం. వాడి మాట విని ఇంకో రెండు మాత్రలు వేయించాం. పెదాలు, నోరు పుండ్లు పడి మంచినీళ్ళు కూడా దిగని స్థితిలో ఐసీయూ. చర్మం ఊడింది పది శాతం లోపే కాబట్టి ఇంకా నయమట. 30 శాతం దాటితే దాన్ని టెన్ (TEN, టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్) అంటారు, ఒళ్ళంతా కాలినవాళ్ళకు చేసినట్టే చూడాలి.

కొనేటప్పుడు పేరుతో పాటు ఎంజీ కూడా చీటీతో సరిచూసుకోండి. ఈ మందు మొదలెట్టిన రెండు నెలల్లోపు దద్దుర్లొస్తే, అందులోనూ జ్వరమో నోటిపూతో కళ్ళ ఎరుపో తోడైతే, అమ్మవారని వేపాకులు పరచకండి. తర్వాతి మాత్ర వేయకముందే డాక్టర్‌కు ఫోన్. దొరక్కపోతే ఆ మాత్ర వేయకుండా స్ట్రిప్‌లన్నీ పట్టుకుని నేరుగా ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి. ఫిట్స్ మందు ఆపామని అక్కడ మొదటే చెప్పండి, బదులు వేరేది ఇస్తారు. కార్బమజెపిన్, ఫెనిటాయిన్‌లతోనూ ఇదే ప్రమాదం ఉంది. కళ్ళ డాక్టర్‌ను మొదటి రోజే అడగండి, ఆలస్యమైతే చూపుకే ఎసరు.

బిల్లు, ఖాళీ స్ట్రిప్ పారేయొద్దు. మందుల దుష్ప్రభావాలు చెప్పుకోవడానికి 1800-180-3024, టోల్ ఫ్రీ.