అవిసె గింజల జెల్: మా అమ్మాయి జుట్టుకి రెండేళ్ళు వాడాక

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్ళు. జడ వేస్తే నా మణికట్టంత లావు. చూసినవాళ్ళంతా "ఎంత అదృష్టమో" అంటారు. ఆదివారం తలంటు వేళకి మా ఇంటికి వస్తే ఆ అదృష్టం ఏమిటో తెలుస్తుంది. పన్నెండు దాటాక జుట్టు రింగులు తిరగడం మొదలైంది. ఆరుతుండగానే పీచులా పొంగేది. అందులోనూ మాది విజయవాడ, ఉక్క సంగతి చెప్పక్కర్లేదు. పార్లర్‌లో స్మూతనింగ్‌కి 5,000 పైనే అన్నారు. అంత పోసినా కొత్తగా పెరిగే జుట్టు మళ్ళీ రింగులే. అది వదిలేసి కిరాణా కొట్లో అవిసె గింజలు కొన్నాను.

పావు కప్పు గింజలకి రెండు కప్పుల నీళ్ళు. సన్నసెగ మీద కలుపుతూ ఎనిమిది, పది నిమిషాలు ఉడికించాలి. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దించి, వేడిమీదే వడకట్టాలి. మొదటిసారి చల్లారనిచ్చాను. గింజలూ జిగురూ ఒకే ముద్దయి టీ వడగట్టు పనికిరాకుండా పోయింది. ఇప్పుడు పాత పల్చటి ఓణీ ముక్కలో పోసి, రెండు గరిటెల మధ్య నొక్కి పిండుతున్నాను.

మా అమ్మ చూసి, "మందారాకు జిగురు లాంటిదే కదే ఇది, పెరట్లో ఉండగా డబ్బులు పెట్టి కొనడమెందుకు?" అంది. నిజమే, రెండింట్లోనూ పని చేసేది ఆ జిగురే. కానీ ఇంత ఒత్తు జుట్టులో రుబ్బిన ఆకు పెడితే నలుసులు మూడు రోజులు రాలాయి. అమ్మ కుంకుడుకాయలు కూడా అచ్చిరాలేదు. మా బోరు నీళ్ళతో కలిస్తే జుట్టు మరీ గరుకెక్కేది.

జెల్ రాయాల్సింది నీళ్ళు కారుతున్న జుట్టుకే. ఆరాక రాస్తే పైపైన అట్ట కడుతుంది తప్ప పొంగు అణగదు. నాలుగు పాయలు తీసి ఒక్కోదానికీ పట్టించి, పాత కాటన్ టీషర్టుతో నీళ్ళు ఒత్తేస్తాం. తువ్వాలుతో రుద్దడం పూర్తిగా మానేశాం. ఇక ఆరేదాకా జుట్టు ముట్టుకోకూడదు. ఈ ఒక్క మాటే మా పిల్ల వినదు. ఆరాక గంజి పెట్టిన చీరలా పెళుసుగా ఉంటుంది, కంగారు పడొద్దు. అరచేతుల్లో రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకుని నలిపితే విడిపోయి మెత్తబడుతుంది.

అయితే ఘనతంతా జెల్‌దే అంటే అబద్ధమవుతుంది. టెన్త్‌కి ముందు పరీక్షల టెన్షన్‌లో మూడు నెలలు చేయడం మానేశాను. పొంగు తిరిగొచ్చింది గానీ చిక్కులు పెరగలేదు. చిక్కులు తగ్గించింది కండిషనర్ సాషేలూ, పళ్ళు దూరంగా ఉండే దువ్వెనా అని అప్పుడు అర్థమైంది. తలకి కండిషనర్ ఉండగానే కొసల నుంచి పైకి దువ్వుతాం. పొడి జుట్టుకి దువ్వెన తగలనివ్వం. తలంటుకి నాలుగైదు సాషేలు పడతాయి. గింజలతో కలిపి నెలకి మొత్తం 150 దాటదు.

లోపాలూ ఉన్నాయి. ఎక్కువ రాస్తే తెల్లగా పొట్టు రాలుతుంది. ఒకరోజు స్కూల్లో చుండ్రు అని ఏడిపించారట, వారం రోజులు జెల్ మాటెత్తనివ్వలేదు. వాన పడ్డ రోజు సాయంత్రానికి ఎలాగూ పొంగుతుంది. మామూలు రోజుల్లో కూడా రింగులు నిలిచేది రెండు రోజులే. అదైనా రాత్రి వదులుగా జడ వేసి, దిండుకి పాత శాటిన్ లంగా గుడ్డ చుడితేనే. స్కూలుకి ఎటూ రెండు జడలే కాబట్టి అప్పుడు నుదుటి దగ్గరి పిల్ల వెంట్రుకలు అణచడానికే వాడతాం.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి నిల్వ. ఫ్రిజ్‌లో పెట్టినా వారమే. వాసన మారితే పారబోయడమే. ఎండాకాలంలో నాలుగో రోజుకే పోయింది. అందుకే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టిస్తున్నా, కావలసినన్ని ముక్కలు ముందురోజు గిన్నెలో వేసుకుంటే సరిపోతుంది. ట్రే మీద పేరు మాత్రం రాయండి. మే నెలలో మా ఆయన నిమ్మరసంలో మూడు ముక్కలు వేసుకుని సగం గ్లాసు తాగేశాక, "ఇదేంటి, సబ్జా వేశావా?" అని అడిగారు.