పాత మూడు సిలిండర్ల ట్రాక్టర్‌కు టర్బో కిట్: 1,400 గంటల తర్వాత

ముందుగాల మాట చెప్పేస్తం: టర్బోకు (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకాకు) ఫుల్ మార్కులు, దాంతోపాటు డబ్బాలో వచ్చిన పైపులకు సున్నా. బండి 42 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, 2,500 సీసీ డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్. కంపెనీ నుంచి టర్బో లేనిది, వారంటీ ఎప్పుడో తీరినది. పని మిర్యాలగూడ పక్క నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద కేజీ వీల్స్‌తో (బురదకు వేసే ఇనుప చక్రాలతో) కరిగెట, ఎండకాలం దేవరకొండ దిక్కు చెల్కల్లో రోటవేటర్, మిగిలిన రోజులు వడ్ల ట్రాలీ. కిట్‌లో పోత మేనిఫోల్డ్ (ఇంజిన్ పొగను టర్బోకు చేర్చే పోత ఇనుప గొట్టం), చిన్న టర్బో, నూనె పోయే పైపు, నూనె తిరిగొచ్చే పైపు, రెండు ఎల్బోలు, గ్యాస్కెట్లు, స్టడ్లు (తల లేని బోల్టులు) ఉన్నయి. ఏ బండికైనా నేరుగ కూర్చుంటదని అమ్మేటోళ్లు చెప్తరు. కూర్చోదు. కూర్చోబెట్టాలె.

సైజు సంగతి ముందు. 2,500 సీసీ అనంగనే కారు లెక్కన పెద్ద టర్బో అడగొద్దు. ఈ ఇంజిన్ 2,000 ఆర్పీఎం మీద నిమిషానికి 2,500 లీటర్ల జాగను నింపాలె. నిండుడు 85 శాతం అనుకున్నా మన ఎండలో అది 2.4 కిలోల గాలికి మించదు. 0.5 బార్ బూస్ట్ (టర్బో అదనంగ ఇచ్చే గాలి ఒత్తిడి) ఇస్తే మూడు కిలోల పైచిలుకు. కారు ఇంజిన్ 4,000 దాకా తిరుగుతది కాబట్టి, 1.3 నుంచి 1.5 లీటర్ల డీజిల్ కారు టర్బో అంత ఉంటే దీనికి సరిపోతది. పెద్దది పెడితే 1,600 ఆర్పీఎం దాకా లేవదు, కరిగెటలో ఆ లోపలే బండి ఊపిరి పోతది. కిట్‌లో వచ్చిన టర్బో ఈ లెక్కకు తగ్గట్టే ఉంది, 1,300 దాటంగనే బూస్ట్ ముల్లు కదులుతది.

మేనిఫోల్డ్ బిగించే ముందు స్టీల్ స్కేలు అడ్డం పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడాలె. మాకు వచ్చినదాంట్లో నడిమి పోర్ట్ దగ్గర 0.3 మిల్లీమీటర్ల సందు దొరికింది, 0.1 దాటితే గ్యాస్కెట్ కాలుతది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పుణ్యమాని లేత్ షాపులకు కరువు లేదు, సర్ఫేస్ గ్రైండింగ్ గంట పని. రెండో తప్పు: కిట్ ఫ్లేంజ్ పాతదానికంటే 4 మిల్లీమీటర్లు మందం. పాత స్టడ్డే ఉంచితే నట్టు సగం థ్రెడ్ మీదనే ఆగుతది, వేడికి వదులవుతది. పొడుగు స్టడ్లు, రాగి పూత లాక్ నట్లు వేసినం. రెండు కొసల రంధ్రాలను ఒక మిల్లీమీటర్ పెద్దగ చేయాలె. పోత ఇనుము వేడికి పొడుగ్గ సాగుతది, సాగేటందుకు జాగ లేకపోతే కొస చెవి పటుక్కున విరుగుతది. నడుమ నుంచి కొసలకు బిగించి, గంట పని చేసి చల్లారినంక ఒకసారి, పది గంటలకు ఇంకోసారి బిగించాలె. ఆ రెండోది మరిస్తే టక్ టక్ అని గ్యాస్ కొడతది.

బానెట్ కింద జాగ తక్కువ, డీజిల్ ట్యాంక్ పైననే ఉంటది. కిట్ వచ్చినట్టే పెడితే గాలి బయటికొచ్చే మూతి సీదా బానెట్ రేకుకు తగులుతది. రేకు కోయాల్సిన పని లేదు. కంప్రెసర్ హౌసింగ్ (టర్బోలో గాలిని ఒత్తే దిక్కు డొప్ప) బోల్టులు వదులు చేసి మూతిని కావలసిన దిక్కుకు తిప్పొచ్చు. హౌసింగ్‌ను నేరుగనే లాగాలె, వంకర పోతే లోపలి రెక్క అంచు వంగుతది, ఆ టర్బో ఇంక పనికిరాదు. వేస్ట్‌గేట్ (బూస్ట్ మితి మీరకుండ పొగను పక్కకు వదిలే తలుపు) డబ్బా బ్రాకెట్ కూడా దాంతోటే తిరుగుతది కాబట్టి దాని కడ్డీ ఒంకర రాకుండ చూడాలె. డీజిల్ పైపులకు, టర్బైన్‌కు (టర్బోలో పొగతో తిరిగే వేడి దిక్కుకు) నడుమ 50 మిల్లీమీటర్ల సందన్నా ఉండాలె, ఆ సందులో రేకు పలక అడ్డం పెట్టాలె. ఆ పలక కిట్‌లో రాదు.

హౌసింగ్ ఎటన్నా తిప్పుకోండ్రి గాని, టర్బో నడిమి భాగం మాత్రం నూనె దిగే రంధ్రం కిందికే ఉండాలె. నిలువు గీత నుంచి 30 డిగ్రీలు దాటొద్దు. 1,400 గంటల్లో వచ్చిన పెద్ద తిప్పలన్నీ ఈ నూనె దారి దగ్గర్నే వచ్చినయి.

నూనె పోయే పైపు. ప్రెషర్ స్విచ్ దగ్గర టీ పెట్టి తీసుకోవాలె. ఇక్కడ మూడు థ్రెడ్లు ఒకేలెక్క కనిపించి మోసం చేస్తయి: ఒకటి బై ఎనిమిది బీఎస్పీ (బ్రిటిష్ కొలత) అంగుళానికి 28 చుట్లు, అదే సైజు ఎన్‌పీటీ (అమెరికా కొలత) 27 చుట్లు, ఎం10 అయితే ఒక మిల్లీమీటర్ పిచ్ (చుట్టుకు చుట్టుకు నడుమ దూరం). ఒకదాంట్లో ఇంకోటి రెండు చుట్లు సాఫీగ పోతది, మూడోదానికి పట్టేస్తది. బలంగ తిప్పితే ఇంజిన్ బ్లాక్‌లోనే థ్రెడ్ చెడుతది. పిచ్ గేజ్ పెట్టి చూసినంకనే అడాప్టర్ కొనాలె. మాకు ఇంజిన్ దిక్కు ఎన్‌పీటీ, కిట్ పైపుకు ఎం10. ఈ జాయింట్లకు టెఫ్లాన్ టేపు, సిలికాన్ పేస్ట్ వద్దే వద్దు. తెగిన పోగు పోయి బేరింగ్ రంధ్రంలో ఇరుక్కుంటది. సీదా థ్రెడ్ ఉన్న చోట రాగి వాషర్లు చాలు, తీసినప్పుడల్లా కొత్తవి; కొస సన్నబడే ఎన్‌పీటీ థ్రెడ్‌ను వాషర్ ఆపదు, దానికి పోగు రాలని థ్రెడ్ సీలెంట్ ద్రవం.

ఇంక తిరిగొచ్చే పైపు. కిట్‌లో ఇచ్చింది 12 మిల్లీమీటర్ల లోపలి కొలత ఉన్న రబ్బరు గొట్టం. టర్బోలోకి నూనె ఒత్తిడితో పోతది గాని, బయటికి దాని బరువుకు అదే జారాలె. లోపట నిమిషానికి లక్ష చుట్ల పైన తిరిగే షాఫ్ట్ నూనెను నురుగు చేస్తది, ఆ నురుగుకు ఇంకా వెడల్పు దారి కావాలె. 60 గంటలకు నీలి పొగ మొదలైంది. చూసినోళ్లంతా టర్బో సీలు పోయిందన్నరు. టర్బోలో రబ్బరు సీలు ఉండదు; రెండు దిక్కుల ఇనుప రింగులే ఉంటయి, అవి గాలిని ఆపుతయి గాని నిలిచిన నూనెను ఆపలేవు. గొట్టం వేడికి మెత్తబడి నడుమ కిందికి వేలాడింది, ఆ గుంతలో నూనె నిలిచి వెనక్కి ఎక్కింది. టర్బో మార్చకుండ పైపు ఒక్కటి మారిస్తే పొగ పోయింది.

ఇట్ల మార్చినం: బయటి కొలత 22, లోపలి కొలత 19 మిల్లీమీటర్ల స్టీల్ గొట్టం, ఎక్కడా గుంత లేకుండ కిందికే వంపు. కొసకు మాత్రం బెత్తెడు నైట్రైల్ గొట్టం, రెండు క్లిప్పులు. నీలి రంగు సిలికాన్ గొట్టం అందంగ ఉంటది గాని అది గాలికే, నూనెకు కాదు. నూనె దాంట్లో నుంచి చెమట లెక్క ఊరుతది. చాంబర్‌కు (ఇంజిన్ కింది నూనె తొట్టికి) కలిపే చోటు నూనె మట్టానికి పైన ఉండాలె. డిప్‌స్టిక్ గీతను బయట సుద్దతో గుర్తు పెట్టుకొని దానికి రెండు వేళ్లు పైన రంధ్రం వేసినం. ఈ బండిలో చాంబర్ పోత ఇనుముది, ముందు ఇరుసు బరువు మోసేది, విప్పి పక్కన పెట్టే రకం కాదు. అందుకే నూనె మొత్తం దింపి, డ్రిల్‌కు, ట్యాప్‌కు గ్రీజు దట్టంగ పూసి, నాలుగు చుట్లకొకసారి తీసి తుడుస్తూ పోవాలె. మూడు బై నాలుగు బీఎస్పీకి 24.5 మిల్లీమీటర్ల డ్రిల్. తర్వాత అయస్కాంతం తిప్పి, రెండు లీటర్ల కొత్త నూనె పోసి కిందికి వదిలి, అప్పుడు అసలు నూనె నింపాలె.

ఇంజిన్ రింగులు అరిగి ఉంటే ఇదంతా దండగ. నూనె పోసే మూత తీసి బోర్లించి పెట్టండ్రి. ఇంజిన్ నడుస్తుంటే మూత ఎగిరి పడ్డదంటే చాంబర్‌లో గాలి ఒత్తిడి ఉన్నట్టు, నూనె కిందికి దిగదు. ముందు బోరు పని (సిలిండర్, రింగుల రిపేరు) చూసుకోవాలె.

ఎయిర్ క్లీనర్: పాత నూనె గిన్నె రకం ఉంచొద్దు. గాలి గుంజుడు మూడో వంతు పెరిగితే గిన్నెలో నూనెను కూడా గుంజుతది, ఆ నూనెనే డీజిల్ లెక్క కాలి బండి ఆపినా ఆగని రోజొస్తది. రెండు ఎలిమెంట్ల పొడి ఫిల్టర్, గుంజుడు చూపే సూచిక, లోపల తీగ ఉన్న గొట్టం పెట్టినం. చెల్క దుమ్ము ఇసుక కాగితం అసుంటిది. ఫిల్టర్ తర్వాతి ఒక్క క్లిప్ వదులైనా నెల రోజుల్లో కంప్రెసర్ రెక్కల అంచు మొద్దుబారుతది. సబ్బు నీళ్లు పూసి 0.5 బార్ గాలితో అన్ని జాయింట్లూ చూడాలె.

సైలెన్సర్ బరువు టర్బో మీద వేలాడొద్దు. ఇంజిన్‌కు బ్రాకెట్, నడుమ బెల్లోస్ (అదురును మింగే ముడతల గొట్టం). కిట్‌లో రెండూ లేవు.

డీజిల్ పంపు గురించి అందరూ అడుగుతరు. టర్బో ఒక్కదానితోటి బలం రాదు, పొగ తగ్గుతది. బలం డీజిల్‌ది. కాని ఈ పాత కాలపు ఇంజిన్ పిస్టన్ల కింద నూనె చిమ్మే జెట్లు లేవు, ఇంటర్‌కూలర్ (టర్బో వేడి గాలిని చల్లార్చేది) లేదు. మే నెలలో బయట 44 ఉంటే 0.5 బార్ దగ్గర లోపటికి పోయే గాలే వంద డిగ్రీలు. అందుకే టర్బైన్ ముందర వేడి మీటర్ పెట్టి, పంపు మీద డీజిల్ పెంచే స్క్రూ పావు చుట్టు తిప్పుడు, ఎకరం దున్ని చూసుడు. 650 డిగ్రీల దగ్గర ఆపినం. ఆ మీటర్ లేకుండ స్క్రూ ముట్టుకోవద్దు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు టర్బో నూనె రంధ్రంలో 30 మిల్లీలీటర్ల నూనె పోసి, స్టాప్ కేబుల్ గుంజి పట్టి పది సెకన్ల చొప్పున మూడుసార్లు సెల్ఫ్ కొట్టాలె. తిరుగు పైపులో నూనె కనిపించినంకనే స్టార్ట్. పని అయినంక రెండు మూడు నిమిషాలు ఐడిల్. నూనె 15డబ్ల్యూ-40, 250 గంటలకు బదులు 150 గంటలకే మార్పు.

ఫలితం: కరిగెటలో ఒక గేర్ పైన నడుస్తది, మళ్లు తొందరగ తెగుతయి, నల్ల పొగ దాదాపు లేదు. డీజిల్ ఎకరానికి కొద్దిగనే తగ్గింది, దానికోసమే కొంటే నిరాశే. ఉత్త ట్రాలీ తోలేటోళ్లకు అవసరం లేదు. కిట్ ధరకు తోడు ఇంకో మూడో వంతు లేత్ పనికి, ఫిల్టర్‌కు, మీటర్లకు పక్కన పెట్టుకోవాలె. వారంటీ ఉన్న బండి అయితే అది పోయినట్టే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీ వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యే మార్పు చేయొద్దు, కాబట్టి ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడగండ్రి.

1,400 గంటల్లో మార్చినవి: తిరుగు పైపు ఒకసారి, మేనిఫోల్డ్ గ్యాస్కెట్ ఒకటి, రాగి వాషర్లు మూడు సెట్లు, బెల్లోస్ ఒకటి. షాఫ్ట్ పట్టుకొని ఊపితే పక్కలకు కొద్దిగ కదులుతది, అది మామూలే; ముందుకు వెనక్కి మాత్రం చేతికి తెలిసే ఆట లేదు. టర్బో అదే.