వన్డే చూడటానికి ఒక మేడ మీది హాలు: విజయనగరంలో భారత్–ఆస్ట్రేలియా సిరీస్

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న ఒక పాత టిఫిన్ హోటలువారు, క్రికెట్ మ్యాచ్‌లు ఉన్న రోజుల్లో తమ మేడ మీది భోజనాల హాలులో ప్రొజెక్టరు పెట్టి ఆట చూపిస్తున్నారు. 2023లో మనిషికి 150 రూపాయల టోకెన్. అందులో 100 రూపాయలు తినే పదార్థాల కింద సర్దుబాటు చేస్తారు, మిగిలిన 50 కుర్చీకి. 2023 మార్చిలో ఆస్ట్రేలియా జట్టు మన దేశంలో ఆడిన మూడు వన్డేలనూ నేను ఈ హాలులోనే చూశాను. ఆ మూడూ ఒకదానితో ఒకటి పోలిక లేని మ్యాచ్‌లు కావడం వల్ల హాలు గుణదోషాలు కూడా పూర్తిగా బయటపడ్డాయి.

ఇరవై ఓవర్ల ఆటను ఏ హోటలైనా చూపించగలదు. జనం భోజనం వేళకు వస్తారు, తింటూ చూస్తారు, ఆట అయిపోగానే లేచి వెళతారు. వన్డే అలా కాదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మొదలై, రెండు జట్లూ నిలబడి ఆడితే రాత్రి తొమ్మిది దాటేదాకా సాగుతుంది. భుక్తాయాసం, కునుకు, సాయంత్రపు టీ, రాత్రి టిఫిన్ అన్నీ ఆటలోనే వస్తాయి. అందువల్ల ఇటువంటి చోటును ఆఖరి ఓవర్ల సందడిని బట్టి కాక, పదిహేనో ఓవరుకూ నలభయ్యో ఓవరుకూ మధ్య, సింగిల్స్ తప్ప మరేమీ రాని వేళలో, మనిషిని ఎంత హాయిగా కూర్చోబెట్టగలదన్న దానిని బట్టి అంచనా వేయాలని నా అభిప్రాయం.

మొదట తెర సంగతి. హాలుకు పడమటివైపు వరుసగా కిటికీలు ఉన్నాయి, వాటికి పలచని పరదాలు తప్ప మరేమీ లేవు. మార్చి 17న ముంబయి వాంఖెడే మైదానంలో జరిగిన తొలి మ్యాచ్‌లో మిచెల్ మార్ష్ 65 బంతుల్లో 81 పరుగులు చేస్తున్నంతసేపూ బంతి ఎటు పోయిందో మాకు కనిపించలేదు, ఫీల్డరు ఎటు పరుగెత్తుతున్నాడో చూసి ఊహించుకున్నాం. ఆస్ట్రేలియా రెండు వికెట్లకు 129 పరుగులతో ఉన్న దశ నుంచి షమీ, సిరాజ్‌లు చెరి మూడు వికెట్లు తీయగా 188కే ఆలౌట్ అయిన ఆ గొప్ప మలుపును కూడా వెలిసిపోయిన రంగుల్లోనే చూడవలసి వచ్చింది. పొద్దుగూకిన తర్వాత మాత్రం ఆ తెరకు వంక పెట్టలేము. భారత్ 39 పరుగులకు నాలుగు, 83కు ఐదు వికెట్లు పోగొట్టుకున్న తరువాత రాహుల్, జడేజా కలిసి అజేయంగా 108 పరుగులు జోడించి గెలిపించిన ఛేదనలో, వికెట్ వెనుక కీపరు చేతి వేళ్ల కదలిక సైతం స్పష్టంగా కనిపించింది. మందపాటి పరదాలు కొంటే తీరిపోయే లోపం ఇది.

ఆ ఛేదన రాత్రే ఈ హోటలువారి పనితనం నాకు అర్థమైంది. వడ్డించే కుర్రవాళ్లు ఓవరు సాగుతుండగా ఎవరి దగ్గరికీ రారు. ఓవరు పూర్తయి ఫీల్డర్లు స్థానాలు మారుతున్న ఆ కాస్త వ్యవధిలోనే ఆర్డరు అడిగి, వెనక గోడ వెంబడి వెళ్లి, మళ్లీ అటునుంచే వంగి నడుచుకుంటూ ప్లేట్లు తెచ్చి పెడతారు. నేను చూసినంతలో తెరకు అడ్డంగా నిలబడినవాళ్లందరూ ప్రేక్షకులే. పునుగులు ఎప్పుడు అడిగినా వేడిగానే వచ్చాయి, మిర్చి బజ్జీలో వాము పాళ్లు తెలిసిన చెయ్యి కనిపించింది, నిమ్మరసం కలిపి ఇచ్చే ముంత మిక్చర్‌కు ఆ చప్పటి మధ్య ఓవర్లలోనే మంచి గిరాకీ. చట్నీ మాత్రం సాయంత్రం గడిచేకొద్దీ పలచబడుతూ పోయింది. టీ చిన్న గ్లాసు 12 రూపాయలంటే ఎక్కువే, కాని మన టోకెన్‌లోంచే పోతుంది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

రెండో మ్యాచ్ మార్చి 19, ఆదివారం, విశాఖపట్నంలో. స్టేడియం మధురవాడ దగ్గర, అంటే విశాఖ ఊరికి మనవైపునే ఉండటంతో, మా ఊరివారు చాలామంది నేరుగా మైదానానికే వెళ్లారు. టిక్కెట్టు దొరకనివారితో హాలు నిండింది. 2005 ఏప్రిల్‌లో ఆ మైదానంలోనే పాకిస్థాన్‌పై ధోని కొట్టిన 148 పరుగుల గురించి నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పడం పూర్తి చేసేలోగానే మన టాపార్డరు ఖాళీ అయింది. స్టార్క్ 53 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాడు. 26 ఓవర్లలో 117 పరుగులకు భారత్ కథ ముగిసింది. వంటవారు విరామ సమయానికి అందేలా సాయంత్రం ఐదింటి లెక్కన పిండి కలుపుకుంటే, విరామం నాలుగు గంటలకు ముందే వచ్చిపడింది. “ఒక్క పావుగంట ఓపిక పట్టండి బాబూ, నూనె ఇప్పుడే పెట్టాం” అని యజమాని స్వయంగా ప్రతి వరుస దగ్గరికీ వచ్చి చెప్పారు. పునుగులు వచ్చేసరికి హెడ్, మార్ష్ పని మొదలుపెట్టారు. 11 ఓవర్లలో వికెట్ పడకుండా 121 పరుగులు చేసి, 234 బంతులు మిగిలి ఉండగానే ఆట కట్టించారు.

నూరు ఓవర్ల టోకెన్‌కు 37 ఓవర్ల ఆట దక్కితే డబ్బు సంగతి ఏమిటన్న ప్రశ్న అక్కడ సహజంగానే లేచింది. కుర్చీ డబ్బు తిరిగి ఇవ్వరు, అది న్యాయమే, ఆట తొందరగా ముగియడం హోటలువారి తప్పు కాదు. తిండి కింద మిగిలిన సొమ్మును మాత్రం పార్సిల్‌గా తీసుకోవచ్చని, లేదా మూడోదైన చెన్నై మ్యాచ్‌కు మార్చుకోవచ్చని చెప్పి, టోకెన్ వెనక రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఎవరూ వాదించవలసిన అవసరం రాలేదు. ఈ ఒక్క పద్ధతికే నేను ఈ హోటలుకు సగం మార్కులు వేస్తాను.

ఇక పెద్ద లోపం. మేడ మీద ప్రొజెక్టరుకు ఇంటర్నెట్ ద్వారా ప్రసారం వస్తుంది. కింద గల్లాపెట్టె దగ్గర ఉన్న టీవీకి డిష్ కనెక్షన్ ఉంది. ఇంటర్నెట్ ప్రసారం ఎప్పుడూ డిష్ కంటే కొన్ని క్షణాలు వెనకబడి ఉంటుంది. పర్యవసానంగా కింద కేక పుట్టిన తర్వాతే పైన బంతి పడుతుంది. పోటీ లేని మ్యాచ్‌లో దీనివల్ల నష్టం లేదు. సిరీస్ ఒకటి–ఒకటిగా ఉండి, మూడో మ్యాచ్ చివరిదాకా ఊగిసలాడినప్పుడు మాత్రం ఇది ఆటలోని సారాన్నే పీల్చేసింది. మార్చి 22న చెన్నైలో 270 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ కోహ్లి 54 పరుగుల వద్ద అవుటయ్యాడని మెట్ల మీదుగా వచ్చిన నిట్టూర్పే మాకు చెప్పింది, తెర ఆ తర్వాత చెప్పింది. అంతకంటే బాధాకరమైనది ఆ వెంటనే జరిగింది. అంతకుముందు రెండు మ్యాచ్‌లలోనూ తొలి బంతికే వెనుదిరిగిన సూర్యకుమార్ మా తెర మీద ఇంకా గార్డు తీసుకుంటుండగానే కింద నుంచి రెండో నిట్టూర్పు వినిపించింది. హాలంతా తలలు దించుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆగర్ బంతికి స్టంప్స్ పడటం చూశాం, కాని దాన్ని చూడటమనలేం. కింది డిష్ కనెక్షన్‌నే పైకి తేవడానికి ఒక రెండో బాక్సు, కొంత వైరు సరిపోతాయి.

దీనికి తోడు ఛేదన మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాన్లూ ప్రొజెక్టరూ నడిచాయి గాని, ఇంటర్నెట్ రౌటరును దానికి కలపడం మరిచారు. ఖాళీ నీలి తెర ముందు కూర్చుని కింది కేకలను బట్టి స్కోరు ఊహించుకున్నాం.

ఆ రోజు ఉగాది. మొదటి బంతికి ముందే ప్రతివారికీ చిన్న దొన్నెలో ఉగాది పచ్చడి ఉచితంగా ఇచ్చారు. వేపపువ్వు చేదు తగ్గించకుండా, కొత్త బెల్లంతో, ఇంట్లో చేసుకున్నట్లే ఉంది. జంపా 45 పరుగులకు నాలుగు వికెట్లు తీసి హార్దిక్, జడేజాలను పంపిన తర్వాత ఆ చేదును తలుచుకుని జోకులు వేసినవారు కొందరున్నారు. 248 పరుగుల వద్ద, చివరి ఓవరు తొలి బంతికి, 21 పరుగుల తేడాతో మ్యాచ్, రెండు–ఒకటి తేడాతో సిరీస్ పోయాయి. 2019లో రెండు మ్యాచ్‌లు ముందంజలో ఉండి మూడు–రెండుతో ఇదే జట్టుకు సిరీస్ అప్పగించిన తర్వాత, స్వదేశంలో వన్డే సిరీస్ కోల్పోవడం మనకు ఇదే మొదటిసారి. అయినా హాలులో ఒక్క కుర్చీ విరగలేదు, ఒక్క బూతు మాట వినిపించలేదు. వెనక రెండు వరుసలు ఆడవారికీ కుటుంబాలకూ కేటాయించి, అక్కడ ఇతరులను కూర్చోనివ్వకపోవడం దీనికి ఒక కారణం కావచ్చు. మరుగుదొడ్డి మాత్రం కిందనే ఉంది, మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి.

గోడల సంగతి కూడా ఒక మాట. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించిన విజ్జీ ఈ సంస్థానపు రాజకుమారుడు, ఊళ్లో ఆయన పేరిట స్టేడియం ఉంది, అయినా క్రికెట్ చూపించే ఈ హాలులో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులే కనుక స్కోరు రాయకుండా ఫొటో మాత్రం పెట్టుకోవచ్చు.

ఆ సిరీస్‌లో టోకెన్లు మ్యాచ్ రోజు పొద్దున్న మాత్రమే, అదీ గల్లా దగ్గరే ఇచ్చారు. చెన్నై మ్యాచ్ రోజున పండుగ పూట వచ్చి దొరకక వెనక్కి వెళ్లినవారు చాలామంది ఉన్నారు. ముందురోజు సాయంత్రమే ఇవ్వడం మొదలుపెడితే మంచిదని యజమానికి చెప్పాను, ఆలోచిస్తామన్నారు. అప్పటిదాకా వెళ్లదలచినవారు పొద్దున్న తొమ్మిదిలోగా టోకెన్ తీసుకుని, కిటికీలకు ఎదురుగోడ పక్కన, మెట్లకు దూరంగా ఉండే కుర్చీ అడగండి. అక్కడ ఎండ పడదు, కింది టీవీ కేకలు కూడా తక్కువగా వినిపిస్తాయి.